అండాలు దేశం దాటాలంటే

క్యాంపుల్లో ఉన్న సోదరులారా, పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేని జంటలు మీ మధ్యా ఉన్నాయి, డబ్లిన్ పక్కన మేముంటున్న క్లాండాల్కిన్‌లోనూ ఉన్నాయి. కొందరు హైదరాబాద్‌లో వైద్యం మొదలుపెట్టి, భార్య అండాలను అక్కడి సంతాన సాఫల్య కేంద్రంలో ఫ్రీజ్ చేయించి ఉంటారు. ఆ తర్వాత పని దొరికి వేరే దేశం వెళ్ళిపోతారు. అప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. ఆ అండాలను ఇక్కడి క్లినిక్‌కు తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కానీ పద్ధతి ప్రకారం.

ముందు పెట్టె సంగతి. అండాలను ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో నిల్వ ఉంచుతారు. ప్రయాణానికి డ్రై షిప్పర్ అనే పెద్ద ఫ్లాస్కు వాడతారు. దాని లోపలి పొర నత్రజనిని స్పాంజిలా పీల్చుకుంటుంది కాబట్టి ఒలికేదేమీ ఉండదు. మంచి ఫ్లాస్కు వారం దాకా చలి నిలుపుతుంది. దారి పొడుగునా లోపలి ఉష్ణోగ్రతను ఒక చిన్న పరికరం నమోదు చేస్తుంది. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే తీయకుండా ముందే ఏర్పాటు చేసుకుంటారు.

ఇక కాగితాల సంగతి. మేము ఆఫీసుల్లో రోజూ కాగితాలు చూసే గుమాస్తాలం. అసలు చిక్కంతా వాటి దగ్గరే ఉంటుందని మాకు తెలుసు. భారతదేశంలో 2021 నాటి ఏఆర్‌టీ చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అండాలను అమ్మడం, ఇంకొకరికి ఇవ్వడం, దేశం దాటించడం నేరం. సొంత అండాలను, సొంత అవసరానికి, జాతీయ బోర్డు అనుమతితో మాత్రమే తరలించుకోవచ్చు. నిల్వ గడువు పదేళ్ళు. ఐర్లాండ్‌లోనైతే హెచ్‌పీఆర్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ లైసెన్సున్న కేంద్రమే అండాలను తీసుకోవాలి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి తెప్పించడానికి ఆ కేంద్రానికి విడిగా అనుమతి ఉండాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల రిపోర్టులు కూడా చూస్తారు.

దాత అండాల సంగతి ఇంకా కష్టం. 2020 మే 4 నుంచి ఐర్లాండ్‌లో పేరు దాచిన దాత అండాలతో వైద్యం చేయకూడదు. పుట్టిన బిడ్డ పెద్దయ్యాక దాత ఎవరో తెలుసుకునే హక్కు ఉంది. మన దేశంలోనేమో దాత వివరాలు రహస్యం. కాబట్టి ఇండియా నుంచి దాత అండాలు తెప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఏజెంటు చేతికి డబ్బిచ్చి ఊరుకుంటే ఏమవుతుందో రెండు సంగతులు చూడండి. 2019లో మలేషియా నుంచి ముంబయి వచ్చిన ఒక ప్రయాణికుడి సూట్‌కేసులో పిండం ఉన్న డబ్బా దొరికింది, అతన్ని పట్టుకున్నారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో, అనుమతి లేకుండా వీర్యం, అండాలు సేకరించి గుజరాత్‌కు పంపుతున్నారంటూ పోలీసులు కొందరిని అరెస్టు చేశారు.

ఇంటి దగ్గర మన అక్కచెల్లెళ్ళకు కూడా ఒక మాట చెప్పండి. చట్టం ప్రకారం 23 నుంచి 35 ఏళ్ళ లోపు స్త్రీ, జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వవచ్చు. ఆమెకు ఏడాది ఇన్సూరెన్సు కట్టాలి. మళ్ళీ మళ్ళీ రమ్మనే బ్రోకరు ఆమె ఒంటితో ఆడుకుంటున్నట్టే.

డబ్బు కట్టే ముందు రెండు క్లినిక్కులనూ ఇవి అడగండి. పంపడానికి, తీసుకోవడానికి ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారా? బోర్డు అనుమతి ఎవరు తెస్తారు? దారిలో పాడైతే బాధ్యత ఎవరిది? కరిగించాక అండాలన్నీ బతకవు, మరి ఎన్ని మిగలవచ్చు?

చివరగా ఖర్చు లెక్క వేసుకోండి. చాలామందికి అండాలను రప్పించడం కంటే, సెలవు పెట్టి భార్యాభర్తలిద్దరూ వాటి దగ్గరికే వెళ్ళడం తేలిక. ఐర్లాండ్‌లో ఉన్నవాళ్ళు ముందు తమ జీపీని కలవండి. 2023 సెప్టెంబరు నుంచి అర్హులైన జంటలకు ఒక విడత ఐవీఎఫ్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది. వయసు పెరిగేకొద్దీ కొత్త అండాలు దొరకడం కష్టమవుతుంది. ఉన్న నాలుగు అండాలను తెలియని మనిషి చేతిలో పెట్టకండి.