ఫోన్ మార్చే ముందు మన ఊరి బండ ఎక్కి చూడండి



పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. "ఫోన్ పాతదైపోయింది, చార్జింగ్ ఆగట్లేదు, ఏది కొనాలి అన్నా?" అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. జవాబులన్నీ కెమెరా, గేమింగ్, ఈఎంఐ దగ్గరే ఆగిపోతున్నాయి. నా అభిప్రాయం వేరు. తప్పుంటే సీనియర్లు సరిచేయండి.

ముందు నా సంగతి చెప్తాను. మాది పెదబయలు మండలంలో కొండ మీద ఊరు. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటివాణ్ణి నేనే. అందుకే ఆన్‌లైన్ పని ఏదొచ్చినా, మా ఇంటిదే కాదు చుట్టాలందరిదీ, నా ఫోన్ మీదే పడుతుంది. ఆ ఫోనేమో మా మావయ్య వాడి ఇచ్చినది. హాస్టల్లో ఎలాగోలా సాయంత్రం దాకా లాగుతుంది. అదే ఫోన్ ఊరికి తీసుకెళ్తే మధ్యాహ్నం అన్నం వేళకి ఆగిపోతుంది.

పోయిన సెలవుల్లో మా చెల్లికి డిగ్రీ వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఆఖరి రోజు. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది గెడ్డ దాటాక ఉన్న పెద్ద బండ మీద. ఇద్దరం ఎక్కాం. ఓటీపీ కొట్టాం. అది వచ్చేసరికి టైమ్ అయిపోయింది. మళ్లీ కొట్టాం. ఈలోగా 22 శాతం ఉన్న చార్జింగ్ ఒక్కసారి 3కి పడి ఫోన్ ఆగిపోయింది. కిందకి దిగితే ముందురోజు వానకి పోయిన కరెంటు ఇంకా రాలేదు. మర్నాడు జీపెక్కి పాడేరు వెళ్లేసరికి గడువు దాటిపోయింది. తర్వాత విడతలో సీటొచ్చింది గానీ, తను కోరుకున్న కోర్సులో కాదు. చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పట్నుంచి ఈ విషయం మీద పడ్డాను. మనం "బ్యాటరీ ప్రాబ్లం", "సిగ్నల్ ప్రాబ్లం" అని రెండు వేరువేరుగా చెప్పుకుంటాం. మన ఊళ్లలో అవి చాలావరకు ఒకటే. టవర్ దూరమైతే ఫోన్ ఎక్కువ పవర్ పెట్టి టవర్‌తో మాట్లాడాలి. దూరంగా ఉన్న మనిషిని కేక వేసి పిలిచినట్టు. సిగ్నల్ అసలు లేకపోతే ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. జేబులో ఊరికే ఉన్నా బ్యాటరీ అయిపోయేది అందుకే. బండ దిగగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కొత్త ఫోన్ కొన్నా ఈ పని మాత్రం చేయాల్సిందే.

పాత బ్యాటరీ సంగతి ఇంకొకటి. ఫోన్ బ్యాటరీకి ఆయుష్షు లెక్క ఉంటుంది. ఎక్కువ ఫోన్లకి 500 నుంచి 800 సార్లు ఫుల్ చార్జింగ్ అయ్యాక అది పట్టే చార్జింగ్ తగ్గిపోతుంది. రోజూ చార్జింగ్ పెడితే రెండేళ్ల మాట. 22 నుంచి 3కి పడిపోవడం ముసలి బ్యాటరీ లక్షణం. అలాంటప్పుడు ఫోన్ మొత్తం పారేయక్కర్లేదు, బ్యాటరీ మార్పిస్తే సరిపోవచ్చు. నన్ను షాపులో 1,100 అడిగారు. వెనక మూత ఉబ్బి ఉంటే మాత్రం ఇవాళే వాడటం ఆపేయండి, ఉబ్బిన బ్యాటరీ అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు మాట. మా రూమ్మేట్ 24 వేల ఫోన్ ఈఎంఐలో తీసుకున్నాడు. వాళ్ల నాన్న కాఫీ గింజలు అమ్మిన డబ్బు మొదటి కంతుకే పోయింది. దసరాకి ఊరెళ్లి వచ్చి, "నీ డొక్కు ఫోన్‌కి, నా దానికి బండ మీద ఒకటే గీతరా" అన్నాడు. ఫోన్‌లో 5జీ ఉంటే ఏం లాభం, ఊళ్లో ఉండాలి గదా. మా అయ్య మా ఇద్దర్నీ చూసి నవ్వుతాడు. ఆయన కీప్యాడ్ ఫోన్ సంత నుంచి సంత దాకా చార్జింగ్ అడగదు.

అలాగని ఫోన్లన్నీ ఒకటే అనట్లేదు. తేడా ఎక్కడుందంటే, బ్యాండ్లలో. ఒక్కో కంపెనీ టవర్ కొన్ని ఫ్రీక్వెన్సీల మీద నడుస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ దూరం వెళ్తుంది, చెట్లనీ గోడల్నీ కూడా కాస్త మెరుగ్గా దాటుతుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ ఉంది, దాన్ని బ్యాండ్ 28 అంటారు. జియోకి 850, అంటే బ్యాండ్ 5. ఎయిర్‌టెల్ 900, బ్యాండ్ 8. పాత చవక ఫోన్లలో బ్యాండ్ 28 లేనివి చాలా ఉన్నాయి. అలాంటి ఫోన్ పట్టుకుంటే 700 మీద నడిచే టవర్ ఎదురుగా ఉన్నా దానికి కనపడదు. మనం టవర్‌ని తిడతాం. షాపువాడు ఇది చెప్పడు, వాడికి అక్కర్లేదు. ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొట్టి నెట్‌వర్క్ బ్యాండ్లు చూసుకోండి. ఒకే పేరుతో రెండు మోడల్ నంబర్లు ఉంటాయి, నంబర్ కూడా సరిపోవాలి.

కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి సిగ్నల్ చోటుకి వెళ్లండి. నీ సిమ్ వాళ్ల ఫోన్‌లో, వాళ్ల సిమ్ నీ ఫోన్‌లో వేసి చూడండి. వేరే సిమ్‌తో నీ పాత ఫోన్ బాగా పట్టిందంటే మార్చాల్సింది సిమ్, ఫోన్ కాదు. గీతల్ని నమ్మొద్దు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్‌కి వెళ్తే సిగ్నల్ అంకె ఉంటుంది, మైనస్‌లో. 4జీలో మైనస్ 90 అంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటితే ఈడుపే. 120 దగ్గరకొస్తే ఓటీపీ మీద ఆశ వదులుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ చూడండి. కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ నంబర్ పెట్టి 14422కి మెసేజ్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. దొంగ ఫోన్ అయితే మన మీదకే వస్తుంది, ఏజెన్సీ పిల్లలం అంటే ముందే అనుమానం కదా.

"ఇంత గొడవెందుకు, మంచి ఫోన్ కొనుక్కోవచ్చుగా" అని ఒక సీనియర్ అన్న కామెంట్ పెట్టారు. గౌరవంతోనే చెప్తున్నాను అన్నా, ఆ మాటతో టవర్ లేకపోవడం మన జేబు తప్పైపోతుంది. 2022 జూలైలో కేంద్ర కేబినెట్ సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇస్తామని 26,316 కోట్ల పథకానికి ఒప్పుకుంది. అందులో మన ఊళ్లున్నాయా? ఉంటే టవర్ నిలబడిందా? నిలబడినచోట కరెంటు పోతే ఎంతసేపు పనిచేస్తోంది? మా పక్క పంచాయతీలో టవర్ ఉంది, కరెంటు పోయిన కాసేపటికి అదీ పోతుంది. దాని బ్యాటరీ కూడా నా ఫోన్ బ్యాటరీ లాంటిదే. దాన్ని నేను ఏ షాపులో మార్పించాలి?

ఐటీడీఏ గ్రీవెన్స్‌లో "సిగ్నల్ లేదు" అని నోటితో చెప్తే రాసుకుని పక్కన పెడతారు. అంకెలుంటే కాదనడం కష్టం. సంక్రాంతికి ఇళ్లకి వెళ్తాం కదా, ప్రతి ఒక్కరూ ఊరి పేరు, మండలం, ఏ సిమ్, ఏ ఫోన్ మోడల్, సిగ్నల్ అంకె, కరెంటు పోయాక టవర్ ఎంతసేపు ఉంది, ఇవి రాసి కింద కామెంట్‌లో పెట్టండి. నేను ఒక పట్టిక చేస్తాను. అర్జీకి పనికొస్తుంది, ఫోన్ కొనేవాళ్లకీ పనికొస్తుంది.

నేనింకా ఫోన్ కొనలేదు. బ్యాటరీ మార్పించాను. మూడు సిమ్‌లు అడిగి పెట్టుకున్నాను. మొదటి అంకె మా బండదే పెడతాను. ఈసారి చెల్లి రాస్తానంది.