చొక్కా ఆయనది, ముడత మాత్రం నాదా?

పెళ్ళిలో ఒకాయన చొక్కా నలిగి కనబడితే ఎవరూ ఆయన్ని ఏమీ అనరు. పక్కనున్న భార్యను చూస్తారు. "పాపం, చూసుకునేవాళ్ళు లేనట్టుంది" అని ఒకామె, "ఇస్త్రీ చేయించడానికి కూడా తీరిక లేదా?" అని ఇంకొకామె. తొడుక్కున్నది ఆయన, బస్సులో ఆనుకుని పడుకుని నలిపింది ఆయన, మాట పడేది మాత్రం ఆమె. ఈ లెక్క నాకు ససేమిరా ఒప్పుదల కాదు.

ఇస్త్రీలోనే స్త్రీ ఉంది కదా అని మగవాళ్ళు జోకులేస్తుంటారు. ఆ మాట పోర్చుగీసు భాష నుంచి మనకు వచ్చిందని భాషావేత్తలు చెప్తారు. స్త్రీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. చుట్టరికం కలిపింది మనమే.

మన అనంతపురం నుంచి తిరుపతికో బెంగళూరుకో పెళ్ళికి బయల్దేరాలంటే ఆడదానికి ప్రయాణం నాలుగు రోజుల ముందే మొదలవుతుంది. ఈ కరువు సీమలో నీళ్ళొచ్చిన రోజే బట్టలు ఉతుక్కోవాలి. ఇస్త్రీకి వేసి తెచ్చుకోవాలి. ముహూర్తానికి ఆయన పంచె, రిసెప్షన్‌కు ప్యాంటూ చొక్కా, పిల్లల కొత్త బట్టలు, మామగారి తువ్వాలు, అత్తగారి మాత్రలు. రాత్రి పదకొండింటికి ఇవన్నీ అయ్యాక, మిగిలిన సందులో తన పట్టుచీర కుక్కుకోవాలి. తెల్లారి బస్సెక్కేటప్పటికి నడుం విరిగి ఉంటుంది. ఆయన మాత్రం స్నానం చేసి వచ్చి, "అన్నీ పెట్టినావా?" అని అడుగుతాడు.

ఇది ఒక్క ఇంటి గోల కాదు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు ఖర్చుపెడుతున్నారో లెక్క కట్టింది. అప్పట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళకు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పట్టేవి. చేసే మగవాళ్ళకు 97. అసలు ఆ పనిలో అప్పుడు చెయ్యి పెట్టిన మగవాళ్ళే నూటికి 26 మంది.

"మగవాళ్ళకు మడతలు రావమ్మా" అంటారు. అట్లయితే ధర్మవరం పోయి చూడండి. 2022లో ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో కలిసినా, మనకు పట్టుచీరంటే ధర్మవరమే. అక్కడి దుకాణాల్లో పరుపు మీద కూర్చుని చీరలు చూపించేది ఎక్కువగా మగవాళ్ళే. మనం యాభై చీరలు విప్పించి రెండు కొంటాం. మిగతా నలభై ఎనిమిదీ పాత మడతల మీదే, జరీ నలగకుండా, కబుర్లు చెప్తూ మడిచి పెట్టేస్తారు. వీధి చివర బండి మీద ఇస్త్రీ చేసేదీ చాలాచోట్ల మగాయనే. జీతం వచ్చే చోట చక్కగా వచ్చే మడత, ఇంటికి రాగానే ఎందుకు మరిచిపోతుంది?

"ఆయన ఉద్యోగంలో అలిసిపోతాడు, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అనేది రెండో మాట. సరే, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు ఎవరి చేత పెట్టె సర్దించుకుంటున్నారో చెప్పండి. పనిముట్లు మారితే ఈ కష్టం పోతుందనుకోవడమూ భ్రమే. కరెంటు ఇస్త్రీపెట్టెకు అమెరికాలో 1882లోనే పేటెంటు వచ్చింది. నలగని టెరిలిన్‌ను ఇంగ్లండులో 1941లో కనిపెట్టారు. పెట్టె మారింది, బట్ట మారింది, సర్దే మనిషి మారలేదు.

"ఆయన సర్దితే అంతా నలిగిపోతుంది" అంటూ మనమే పెట్టె లాక్కుంటాం చూడండి, అక్కడే మనం ఓడిపోతున్నాం. నేర్పితే పది నిమిషాల పని. ఇస్త్రీ చేసిన వేడి ఆరాకే చొక్కా మడవాలి. నూలుబట్టను ముడత పట్టించేది వేడి, తడి, బరువు. ఆవిరి మిగిలి ఉండగానే మడిస్తే ముడత గట్టిపడి కూర్చుంటుంది. గుండీలన్నీ పెట్టి, బోర్లా పరిచి, చేతులు వెనక్కి మడిచి, నడుం దగ్గర ఒక తువ్వాలు చుట్టి పెట్టి దాని మీదుగా మడవాలి. జీన్సు, టీషర్టులు చాప చుట్టినట్టు చుట్టేయొచ్చు. చెప్పులు, బరువులు చక్రాల వైపు అడుగున, చొక్కాలు పైన. పెట్టెలో ఖాళీ ఉంటే బట్టలు జారి నలుగుతాయి, కాబట్టి సందుల్లో లోపలి బట్టలు పెట్టాలి. ఊరు చేరగానే తీసి హ్యాంగరుకు తగిలించాలి. నూలు చొక్కా అయితే తడిచేత్తో నిమిరితే చాలావరకు సర్దుకుంటుంది. ఇందులో ఆడవాళ్ళకే చేతనయ్యేది ఏముంది?

మన పట్టుచీరకు మాత్రం తీరిక కావాలి. జరీ లోపలికి పెట్టి మడవాలి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే చీర చిరుగుతుంది, కాబట్టి మడత మార్చాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది, అందుకని పాత నూలుపంచెలో చుట్టాలి. దాని మీద నీళ్ళు చల్లకూడదు. ఈ పనికి మనకు ఒక అరగంట మిగలాలంటే మిగతావాళ్ళ పెట్టెలు మనం ముట్టుకోకూడదు.

మా ఇంట్లో ఎవరి సంచి వాళ్ళదే. మా ఆయనకు మొదట్లో కోపం వచ్చింది, ఇప్పుడు అలవాటైంది. మీరూ ఈ మాఘమాసం పెళ్ళిళ్ళకు మొదలుపెట్టండి. పదేళ్ళు దాటిన కొడుక్కి తన సంచి తన చేతికివ్వండి. కూతురికి నేర్పినంత ఓపికగా వాడికీ నేర్పండి. లేకపోతే రేపు ఇంకో ఇంటి ఆడపిల్ల రాత్రి పదకొండింటికి వాడి చొక్కా మడుస్తూ కూర్చుంటుంది. మంటపంలో ఆయన చొక్కా నలిగి కనబడితే, ఎవరైనా మిమ్మల్ని చూసి మూతి విరిస్తే, "చొక్కా వాళ్ళది, వాళ్ళనే అడగండి" అని చెప్పి భోజనాల బంతిలోకి నడవండి.