మనకెందుకొచ్చిన గొడవ!

మన ఆడవాళ్ళం రోజుకి పదిసార్లయినా అనుకునే మాట ఒకటుంది. "మనకెందుకొచ్చిన గొడవ!" రేషన్ షాపులో తూకం తగ్గినా అదే మాట, వీధిలైటు వెలగకపోయినా అదే మాట. ఇక ఇంట్లో చదువుకున్నవాళ్ళెవరైనా ఎన్నికల్లో నిలబడతానన్నారో, అందరం కలిసి ఆ మాటనే మంత్రంలా జపిస్తాం.

నేనూ జపించాను. ఆ పాపమే ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మా వీధి చివర ఒక డాక్టరమ్మ ఉంది. చెయ్యి మంచిదని పేరు. కిందటిసారి మునిసిపల్ ఎన్నికల ముందు మా వార్డు స్త్రీలకి కేటాయించారు. వీధిలో నలుగురూ వెళ్ళి, "మీరు నిలబడండమ్మా" అని ఆవిణ్ణి అడిగారు. ఆవిడ కాస్త మెత్తబడింది కూడా. అత్తగారు వద్దన్నారు, భర్త నసిగాడు. సలహా కోసం నన్ను పిలిస్తే నేనేమన్నానో తెలుసా? "బంగారంలాంటి ప్రాక్టీసు పెట్టుకుని ఆ బురదలోకి దిగుతావా తల్లీ?" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఒక కంట్రాక్టరు తన భార్యని నిలబెట్టాడు. ఆవిడ గెలిచింది. సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది.

మరుసటి వానాకాలం మా వీధిలో పిల్లలకి వరసగా కామెర్లు వచ్చాయి. మా చిన్నవాడు కూడా నెల్లాళ్ళు మంచంపట్టాడు. మంచినీళ్ళ గొట్టం మురిక్కాలవలోంచి పోతోంది, అది ఎక్కడో చిల్లిపడింది. డాక్టరమ్మ మా వాణ్ణి చూసి చీటీ రాస్తూ అంది: "అక్కయ్యగారూ, నేను పిల్లాడికి మందు రాస్తున్నాను. జబ్బు మాత్రం గొట్టంలో ఉంది. దానికి మందు రాసే కాగితం నా బల్లమీద లేదు, మునిసిపల్ ఆఫీసులో ఉంది."

ఆవిడ నన్నేమీ దెప్పలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తర్వాత మేమేం చేశాం? మధ్యతరగతివాళ్ళం ఏం చేస్తామో అదే. ఇంట్లో ఫిల్టరు పెట్టించుకున్నాం! మా పనిమనిషి పిల్లలు ఇంకా ఆ కుళాయి నీళ్ళే తాగుతున్నారు.

"చదువుకున్నవాళ్ళంతా నిజాయితీపరులా?" అని మీరు అడగచ్చు. కానేకాదు. దొంగలెక్కలు రాయడానికీ చదువు కావాలిగా! అక్షరం ముక్క రాకపోయినా ఊరిని చక్కగా నడిపించే సర్పంచులూ ఉంటారు. డిగ్రీ చూసి ఓటెయ్యమని నేననడం లేదు. పని తెలిసినవాళ్ళు ఆ పని తేలే చోట ఉండాలంటున్నాను. పైపులైను ఎస్టిమేటు మన ముందు పెడితే అది మనకి వట్టి అంకెల పట్టిక. అదే ఇంజనీరు చూస్తే, "ఈ గొట్టం కాలవ పక్కనుంచి ఎందుకు పోవాలి?" అని అడుగుతాడు. కంట్రాక్టరు ఊరికే వెళ్ళలేదు, ఆ కాగితాలు చదవడం వచ్చు కనకే వెళ్ళాడు. లాభం మీద ఆయనకున్న శ్రద్ధపాటి కూడా మన పిల్లల మీద మనకి లేదా?

డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మద్రాసు శాసనమండలి ఉపాధ్యక్షురాలైంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాష్ట్రంలోవే. ఆవిడ ఆసుపత్రికే పరిమితమై ఉంటే, దేవదాసి పిల్లలకి ఒక్కొక్కరికీ వైద్యం చేసి పంపగలిగేది, అంతే. మండలిలో కూర్చుంది కనక, ఆ స్త్రీల మాన్యాలని గుడి ఊడిగం నుంచి విడిపించే చట్టం 1929లో వచ్చింది. ఆవిడ మొదలుపెట్టిన పోరాటం 1947లో దేవదాసీ నిషేధ చట్టంగా ముగిసింది. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి న్యాయవాదిగా కోర్టుతోనే తృప్తిపడలేదు, రాజ్యాంగసభలో కూర్చుంది. "మనకెందుకొచ్చిన గొడవ" అని వీళ్ళూ అనుకుని ఉంటే?

అంత పెద్ద సభలు మనకొద్దు అంటారా? సరే, వార్డు చాలు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 విషయాల జాబితా ఇచ్చింది. అందులో మంచినీళ్ళున్నాయి, పారిశుధ్యం ఉంది. మనం పొద్దున్న లేచి తిట్టుకునేవన్నీ అందులోనే ఉన్నాయి! మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో సగం స్థానాలు స్త్రీలవే. ఆ సగం మనం నింపకపోతే ఖాళీగా ఉండవు. ఎవరో మొగుడు తన భార్య పేరు పెట్టి నింపేస్తాడు.

నిలబడితే ఓడిపోవచ్చు. నాలుగు మాటలు పడాల్సిరావచ్చు. డబ్బు వెదజల్లేవాళ్ళతో పోటీ సులువూ కాదు. కానీ ఇంటింటికీ నడిచి, గడప దగ్గర నిలబడి మాట్లాడగలిగేది వార్డు ఎన్నికల్లోనే. పైగా ఊళ్ళో ప్రతి ఇంటి జబ్బూ తెలిసిన డాక్టరుకంటే, ప్రతి ఇంటి పిల్లాణ్ణీ ఎరిగిన రిటైరైన టీచరుకంటే ఆ గడపలు ఎవరికి బాగా తెలుసు?

మొన్న డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి, నేనన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఆవిడ నిలబడితే ఓటర్ల జాబితా చేత్తో పట్టుకుని నేనూ వెంట తిరుగుతానన్నాను.

"మరి మా అత్తయ్యకి ఎవరు చెబుతారు?" అంది నవ్వుతూ.

"నేనే చెబుతాను" అన్నాను. వద్దని చెప్పిన నోరే కదా, రమ్మని చెప్పడానికి ఎందుకు రాదు?