రక్తం ఇచ్చినం సరే, గుండెను చూసేదెవరు?

రక్తదాన శిబిరం అంటే మన విద్యార్థులు, ఉద్యోగులు వరుస కడతారు. ఆ రక్తంలో కొంత తలసేమియా పిల్లలకు చేరుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే ఆ పిల్లలకు బతుకు లేదు. కానీ ఎక్కించిన ఆ రక్తమే వాళ్ల గుండెకు ముప్పు తెస్తుందన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఒక్క యూనిట్ రక్తంలో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలో, గ్రంథుల్లో, చివరికి గుండె కండరంలో పేరుకుంటుంది. ఎన్నో ఏళ్లుగా తలసేమియా రోగులను ఎక్కువగా బలిగొన్నది ఇనుము పట్టిన గుండే.

దీన్ని ముందుగా పసిగట్టేదెట్లా? ఫెరిటిన్ రక్తపరీక్ష గుండె సంగతి సరిగ్గా చెప్పదు. ఎకోలో తేడా కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ముందుగా చెప్పగలిగేది గుండె ఎం.ఆర్.ఐ. లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు 2001లో ‘టీ2 స్టార్’ పద్ధతిని ప్రకటించారు. ఇనుము చేరిన చోట ఎం.ఆర్.ఐ. సంకేతం త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరితే అంత ఇనుము ఉన్నట్టు. అంకె 20 మిల్లీసెకన్ల పైన ఉంటే ఫర్వాలేదు. 10 కంటే దిగితే గుండె ప్రమాదంలో పడ్డట్టే. దీనికి రేడియేషన్ లేదు, సూదిమందు అక్కర లేదు. చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టి కాసేపు కదలకుండా పడుకుంటే చాలు. సకాలంలో తెలిస్తే ఇనుమును బయటికి లాగే మందులు పెంచి గుండెను మళ్లీ నిలబెట్టొచ్చు. బ్రిటన్‌లో 2000 తర్వాత ఈ పరీక్ష, మెరుగైన మందులు తోడై మరణాలు బాగా తగ్గాయి.

మరి మన పిల్లల సంగతేంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను తన జాబితాలో చేర్చింది. జాబితాకెక్కినంత మాత్రాన గుండె నిలుస్తదా? నెలనెలా రక్తం కోసం కూలి పోగొట్టుకుని తిరిగే తల్లి ప్రైవేటు స్కానింగ్ సెంటర్ బిల్లు ఎక్కడి నుంచి తెస్తది? మేము అడుగుతున్నది దయ కాదు, హక్కు. పదేళ్లు నిండిన ప్రతి తలసేమియా బిడ్డకు ఏటా ఈ పరీక్ష ఉచితంగా జరగాలి. ఎం.ఆర్.ఐ. ఉన్న సర్కారు దవాఖానల్లో దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ పెట్టాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఏ దవాఖానలో ఏ రోజు చేస్తారో గోడమీద రాసిపెట్టాలి.

రక్తం ఇచ్చే చేతులకు అడిగే హక్కు కూడా ఉంది. ఈసారి శిబిరం పెట్టిన చోటే ఈ డిమాండ్ల వినతిపత్రం పెడదాం. రక్తమిచ్చి లేచిన ప్రతి ఒక్కరితో సంతకం చేయిద్దాం.