సొంత డొమైనుండగా జీమెయిలేంటి మహాప్రభో!

హన్మకొండ చౌరస్తాలో బోర్డులు చూడండి. పైన సొంత వెబ్‌సైటు పేరు, కింద జీమెయిల్ అడ్రసు! డొమైనుకి ఏటా డబ్బు కడుతూనే ఉన్నారు కదా, దాంతోనే మెయిల్ పెట్టుకోడానికేం రోగం? అడిగితే "అదంతా టెక్నికల్ అన్నా" అంటారు. తొక్కలో టెక్నికల్. డీఎన్ఎస్‌లో నాలుగు లైన్లు. మెయిల్ ఏ సర్వరుకి చేరాలో ఎమ్ఎక్స్ రికార్డు చెబుతుంది. మన పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ (ఇది ఒక్కటే ఉండాలి, రెండు పెడితే రెండూ చెల్లవు). డీకిమ్ మెయిల్ మీద సంతకం లాంటిది. ఇవేవీ కుదరని మెయిల్‌ని ఏం చెయ్యాలో డీమార్క్. అయిపాయె!

గూగుల్ 2012 డిసెంబరులో కొత్తవాళ్ళకి ఉచితం ఆపేసింది, నిజమే. బోర్డుకి పెట్టిన ఖర్చులో ఇదెంత?

2020లో మడికొండకి ఐటీ కంపెనీలొచ్చాక ఇక్కడి పిల్లల ఆశ ఇంకా పెరిగింది. కంపెనీ పేరు తగిలించి ఎవడైనా జీమెయిల్ ఖాతా తెరిచి "ఆఫర్ లెటర్ రెడీ, డిపాజిట్ కట్టు" అని పంపొచ్చు. అసలు కంపెనీ కూడా జీమెయిల్లోంచే రాస్తుంటే ఆ పిల్లాడు తేడా ఎట్లా పట్టాలి? చెప్పండి సార్లూ!

ముందుగా మీ డొమైన్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఎప్పుడో పని మానేసి వెళ్ళిన కుర్రాడి దగ్గరే ఉండి ఉంటుంది.