చెంచు పెంటకు బస్సు వద్దు



పోయిన నెల గోడపత్రికలో విజ్ఞానయాత్ర గురించి ఒక మిత్రుడు రాసింది అందరం చదివినం. ఈసారి మన్ననూరు మీదుగా ఫర్హాబాదుకు పోవాలె, దారిలో ఒక చెంచు పెంట కాడ ఆగి వాళ్ల గుడిసెలు, జీవన విధానం చూసి రావాలె అని రాసిండు. కింద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టిన్రు. అందులో నాది కూడా ఉన్నది. నా సంతకం నేను వాపసు తీసుకుంటున్న. ఎందుకో చెప్త.

దసరా సెలవులల్ల మా క్లాసు మిత్రుని ఇంటికి పోయిన. వాడు చెంచు. నా పేరు రాయొద్దురా అన్నడు, రాస్తలేను. పెంట పేరు నేనే రాస్తలేను. రాస్తే బస్సు సీదా అక్కడికే పోతది.

ముందుగాల పెంట అనే మాట సంగతి. మన దిక్కు పెంట అంటే ఎరువు కుప్ప. ఆరో తరగతిలో వాడు "మాది పెంట సార్" అంటే క్లాసంత నవ్వింది. నేను కూడా నవ్విన. నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు. ఈర్లపెంట ఉన్నది, కృష్ణ దాటితే సున్నిపెంట ఉన్నది. మాది తండా, వాళ్లది పెంట, అంతే. ఆ నవ్వు వానికి ఇప్పటికీ యాదికున్నది. ఎవరెవరు నవ్విన్రో కూడా యాదికున్నది.

కల్వకుర్తిలో బస్సెక్కి అచ్చంపేటకు, అక్కణ్ణుంచి మన్ననూరుకు పోయినం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తరు, పొద్దున ఆరుకు తీస్తరు. జంతువులు రోడ్డు దాటేటప్పుడు బండ్ల కింద పడొద్దని. తర్వాత కొంత దూరం జీపు, మిగిలింది నడక. నా చెప్పు తెగింది. వాడు ఏదో తీగ తెంపి కట్టిండు, ఇంటికొచ్చేదాక ఊడలే.

వాళ్ల ఇల్లు గుండ్రంగ ఉంటది. నడుమ ఒక గుంజ, చుట్టూ వెదురు దబ్బల తడక, మీద గడ్డి కప్పు. వంగి లోపలికి పోవాలె. నేను వంగలే, నెత్తికి తగిలింది, వాళ్ల తాత నవ్విండు. లోపల పొయ్యి ఉన్నది. పొగ పైకి పోయి గడ్డిలకెళ్లి మెల్లగ బయటికి పోతది. ఆ పొగకే గడ్డికి పురుగు పట్టదు, దోమ రాదు అన్నడు తాత. కప్పుకు బాణాలు, ఎండు సొరకాయ బుర్రలు, విత్తనాల మూటలు చెక్కి ఉన్నయి. పక్కనే సర్కారు కట్టించిన స్లాబు ఇల్లు కూడా ఉన్నది. అందులో బియ్యం మూటలు, మేకపిల్లలు. ఎండకాలం స్లాబు కింద పండలేమని రాత్రి అందరు గుడిసెలోనే పంటరు. వానకాలం మాత్రం స్లాబే నయమని వాళ్లమ్మ అన్నది. దేనికదే.

బయటోడు ఐదు నిమిషాలు నిలబడి చూస్తే ఏం కనపడతది? గడ్డి, పొగ, బక్క కుక్క. నాకు కూడా మొదటి పూట అవే కనపడ్డయి. రాత్రి తాత తేనె సంగతి చెప్పిండు. పెద్ద బండ అంచుకెళ్లి తాడు మీద దిగి తేనె కోస్తరు. పైన తాడు ఎవరు పట్టుకోవాలె? దిగేటోని బామ్మర్ది పట్టుకోవాలె. తాడు వదిలితే ముండమోసేది తన అక్కో చెల్లో గదా, అందుకని వదలడు. ఎవరు ఎవరిని నమ్మాలె అని ఇంత ఆలోచించి పెట్టుకున్న మనుషులను మనం "అమాయక చెంచులు" అని వ్యాసాలల్ల రాస్తం. 1958ల వచ్చిన చెంచులక్ష్మి సినిమా చూసి చెంచులంటే ఈకలు, పాటలు అనుకుంటం.

రెండో రోజు వాళ్లమ్మ నన్ను ఒక మాట అడిగింది. "మావోడు అక్కడ కడుపునిండ తింటడా కొడుకా? ఎవరన్న ఏమన్న అంటరా?" తింటడమ్మా అన్న. రెండో దానికి జవాబు చెప్పలే. సీతాఫలం తింటున్నట్టు తల వంచుకున్న.

మా తండా సంగతి ఒకటి చెప్త. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు జీపులో కొంతమంది వచ్చిన్రు. మా దాది ఆ రోజు జ్వరంతో చీర కట్టుకొని పండింది. ఫేటియా, కాంచళి వేసుకొమ్మన్నరు. ఎండలో నిలబెట్టి ఫొటోలు తీసిన్రు. మా పోరగాళ్లకు బిస్కెట్ పుడలిచ్చి పోయిన్రు. పేరు అడగలే, జ్వరం సంగతి అడగలే. దాది వారం దినాలు తిట్టింది. ఆమెకు నచ్చనిది చెంచు అవ్వకు ఎట్ల నచ్చుతది?

ఇంకో మాట రాస్తే కొందరికి కోపం వస్తది. రానీ. మన హాస్టల్లో లంబాడోళ్లం ఎక్కువ, చెంచులు ఐదుగురు. తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976ల. చెంచులు మొదటి నుంచి ఉన్నరు. అయినా మన బడిలో వాళ్లు వెనుక బెంచీలో కూర్చుంటరు. మైదానపోళ్లు మనల్ని చూసినట్టు మనం వాళ్లను చూస్తున్నమా లేదా?

చూసి పోవుడుతోని ఏమైతది అనొచ్చు. మస్తు అయితది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2611 చదరపు కిలోమీటర్లు. పెంటలు దాని లోపలనే ఉన్నయి. పులి కోసం బయటికి పోయే కుటుంబానికి ఇచ్చే పైసలు 2021ల పది లక్షల నుంచి పదిహేను లక్షలు చేసిన్రు. ఒప్పుకోనిదే పంపొద్దని 2006 అటవీ హక్కుల చట్టం చెప్తది. మా మిత్రుని అన్న పోదామంటడు, దవఖాన దూరం, బడి దూరం అని. తాత పోనంటడు. ఇద్దరిదీ నిజమే. కాని "ఆ గుడిసెలల్ల ఏమున్నది, బయటికొస్తే బాగుపడతరు" అని జీపు దిగకుండా చెప్పేటోళ్లకు అన్న మాట తెల్వదు, తాత మాట తెల్వదు. 2019ల యురేనియం తవ్వకాలు వద్దని నల్లమల లొల్లి చేసినప్పుడు ఆ తాత అచ్చంపేట దాక పోయిండట. గుడిసెను చూస్తే ఇది కనపడదు.

హైమన్‌డార్ఫ్ అనే ఆయన 1940ల ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టినోడు వచ్చి అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల నడుమ నెలల కొద్ది ఉండి, 1943ల పుస్తకం రాసిండు. ఉన్నడు గాబట్టి రాసిండు. మనకు కల్వకుర్తి నుంచి ఒక్క పూట దూరం, మనం అరగంట ఆగి వస్తమంటున్నం!

అందుకని నా ప్రతిపాదన. విజ్ఞానయాత్ర ఫర్హాబాదు దాకనే పోవాలె. అడవి చూద్దం, వ్యూపాయింట్ చూద్దం, పెంట కాడ బస్సు ఆపొద్దు. పెంటకు పోవాలని ఉన్నోళ్లు ఆ ఐదుగురితోని దోస్తీ చేసి, వాళ్లు పిలిస్తే ఒకరిద్దరు పోవాలె. పొయ్యేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు, బిస్కెట్ పుడలు మాత్రం వద్దు. నేను ఉప్పు, ఉల్లిగడ్డలు తీసుకపోయిన, వాళ్లమ్మ సంబురపడ్డది.

వార్డెన్ సార్‌కు ఒక విన్నపం. సెలవుల తర్వాత చెంచు పిల్లలు రెండు రోజులు లేటుగ వస్తే గేటు కాడ నిలబెడుతున్నరు. వాన పడితే ఆ జీపు రాదు సార్. నేను నడిచిన, చెప్తున్న.

సంక్రాంతికి వాడు మా తండాకు వస్తనన్నడు. మా యాడికి ఇంకా చెప్పలే.

— తొమ్మిదో తరగతి విద్యార్థి