మరమనిషిలో కూర్చున్న పిల్లవాడు

ఒక తల్లి ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతి. వయస్సు 14. రెండు నెలల నుంచీ రాత్రి రెండింటిదాకా సెల్‌ఫోనులో ఏదో జపాను బొమ్మల సీరియలు చూస్తున్నాడట. "పెద్ద పెద్ద మరమనుషులు కొట్టుకునే కథ అనుకున్నాం డాక్టరుగారూ. ఒకరోజు వెనక నిలబడి చూస్తే అందులో ఒక కుర్రవాడు దిగులుగా ఒక్కడే కూర్చుని వున్నాడు. ఎందుకురా ఇది చూస్తావు అంటే, వీడు నాలాగే వున్నాడమ్మా అన్నాడు. వాళ్ళ నాన్నగారికి చెబితే ఫోను లాగేసుకున్నారు. అప్పట్నించీ అన్నం సరిగా తినడు, మాట్లాడడు. నిద్రకు ఏదైనా బిళ్ళ, బలానికి ఒక టానిక్కు రాయగలరా?" అని ఆవిడ అడిగారు. సీరియలు పేరు కూడా రాశారు: 'నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్'.

చూడని సీరియలు గురించి సలహా చెప్పడం, పరీక్ష చెయ్యని రోగికి మందు రాయడం లాంటిది. కనుక మా అమ్మాయిని బతిమాలి పెట్టించుకుని, ఆస్పత్రి నుంచి వచ్చాక రోజుకు రెండేసి చొప్పున మొత్తం 26 భాగాలూ చూశాను. జపానులో దీన్ని 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా, బుధవారం సాయంత్రం ఆరున్నరకు, అంటే పిల్లలు టీవీ ముందుండే వేళకే, ప్రసారం చేశారు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఆ తోవన మన ఇళ్ళలోకీ వచ్చింది.

కథ చెబుతాను. షింజీ అని 14 ఏళ్ళ కుర్రవాడు. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి వాడిని వేరేవాళ్ళ దగ్గర వదిలేశాడు. మూడేళ్ళుగా మొహం చూపించని ఆ తండ్రి ఒకరోజు రమ్మని కబురు పెడతాడు. కొడుకు మీద బెంగ పుట్టి కాదు. దేవదూతలని పేరు పెట్టిన వింత శత్రువులు ఊరి మీద పడుతున్నాయి. వాటితో పోరాడే బ్రహ్మాండమైన మరమనిషిని నడపడానికి ఆ వయస్సు పిల్లలే పనికొస్తారు. ఎక్కుతావా, తిరిగి పోతావా అంటాడు తండ్రి. పిల్లవాడు మొదట ఎక్కనంటాడు. అప్పుడు కట్లతో, రక్తంతో వున్న మరో పిల్లను స్ట్రెచరు మీద తీసుకొస్తారు. నువ్వు ఎక్కకపోతే ఈ పిల్ల ఎక్కాలి. ఇక వాడేం చేస్తాడు? పారిపోకూడదని తనకు తనే చెప్పుకుని ఎక్కుతాడు.

వైద్యుణ్ణి కనుక నా కంటికి కొన్ని విషయాలు వేరుగా కనిపించాయి. తీరా చూస్తే ఆ మరమనిషి ఉత్త ఇనుము కాదు. కవచం కింద రక్తమాంసాలున్నాయి. పిల్లవాడు కూర్చునే గొట్టాన్ని ఒక ద్రవంతో నింపుతారు, వాడు అందులోనే ఊపిరి తీస్తాడు. వెనక ఒక కరెంటు తీగ వుంటుంది, దాని పేరే బొడ్డుతాడు. అది తెగితే యంత్రం మహా అయితే 5 నిమిషాలు నడుస్తుంది. ఉమ్మనీటిలో శిశువు సంగతి తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తల్లి లేని పిల్లవాడిని తల్లి కడుపులాంటి చోట కూర్చోబెట్టి యుద్ధానికి పంపుతున్నారన్నమాట. మరమనిషి చెయ్యి విరిస్తే వీడి చెయ్యి నొప్పిపుడుతుంది.

మొదటి పోరాటం అయ్యాక వాడు ఆస్పత్రి మంచం మీద ఒక్కడే మేలుకుంటాడు. పైకప్పు ఎన్నడూ చూసింది కాదు. ఆ దృశ్యం దగ్గర ఆపమని మా అమ్మాయితో చెప్పి కాసేపు ఊరుకున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

ఈ సీరియలు తీసిన హిదెయాకీ అన్నో అనే ఆయన, దీనికి ముందు నాలుగేళ్ళపాటు తను ఏ పనీ చెయ్యలేని స్థితిలో వున్నానని స్వయంగా చెప్పుకున్నాడు. అది డిప్రెషన్, మానసిక కుంగుబాటు. కనుకనే రెండో సగంలోకి వచ్చేసరికి యుద్ధాలు పలచబడి, పిల్లల మనస్సుల్లోని చీకటే కథగా మారిపోతుంది. ముళ్ళపందుల పోలిక ఒకటి తెస్తారు: చలికి దగ్గరికి జరిగితే ముళ్ళు గుచ్చుకుంటాయి, దూరం జరిగితే చలి. ఆఖరి రెండు భాగాల్లో యుద్ధమే లేదు, వాడి మనస్సులో విచారణ తప్ప. అప్పట్లో చాలామంది ప్రేక్షకులు విసుక్కున్నారు. నేను మాత్రం రోగి తన బాధ తనే చెప్పుకుంటున్నట్టు విన్నాను. అన్నోగారికి 2012లో ఒక సినిమా పూర్తయ్యాక కుంగుబాటు మళ్ళీ తిరగబెట్టింది. ఆ మాట 2015లో ఆయనే బాహాటంగా చెప్పాడు. కోలుకుని 2021లో ఈ కథకు చివరి సినిమా తీసి విడుదల చేశాడు. ఈ జబ్బు తిరగబెట్టవచ్చు, నయమూ అవుతుంది. రెండూ నిజాలే.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి అమ్మా. సీరియలు చూసినందువల్ల జబ్బు వచ్చిందని నేను అనుకోను. దిగులుగా వున్న పిల్లవాడు తనలాంటి వాడిని కథలో వెతుక్కుంటాడు. అందులో తప్పు లేదు. పైగా వాడు మీకు ఒక మాట చెప్పాడు. వీడు నాలాగే వున్నాడని. మా ఓపీలో ఎంత అడిగినా పిల్లల నోట రాని మాట అది. దానికి జవాబుగా ఇంట్లో ఫోను లాగేశారు. వాళ్ళ నాన్నగారిని తప్పుపట్టడానికి రాయడం లేదు, నేనూ తండ్రినే. కానీ కథలోని తండ్రి పని పడ్డప్పుడు మాత్రమే కొడుకును పిలుస్తాడు. మనం ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజున పిలుస్తాం.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తున్నాను. పదో తరగతి కుర్రవాడు కడుపునొప్పి అంటూ నెల రోజుల్లో మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఆంటాసిడ్ బిళ్ళలు, బి కాంప్లెక్సూ ఇచ్చి పంపాను. గది బయట వరస, లోపల హడావిడి. నాలుగోసారి వాడిని అర్ధరాత్రి మోసుకొచ్చారు. చావాలనుకున్నాడు. అదృష్టం, ప్రాణం దక్కింది. తెల్లవారి వార్డులోకి వెళ్తే పైకప్పు వంక చూస్తూ పడుకుని వున్నాడు. ఎప్పట్నించిరా ఇది అన్నాను. "మొదటిసారి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను సార్. మీరు నాలుక చూపించమన్నారు" అన్నాడు.

పిల్లల్లో కుంగుబాటు ఎప్పుడూ ఏడుపుగా కనిపించదు. చిరాకుగా, విసురుగా కనిపిస్తుంది. తలనొప్పి, కడుపునొప్పి అంటారు. ఆటకు వెళ్ళడం మానేస్తారు, స్నేహితులు ఫోను చేస్తే లేనని చెప్పమంటారు, ఆకలీ నిద్రా తప్పుతాయి, చదువులో వెనకబడతారు. ఇలాంటివి రెండు వారాలకు మించి వుంటే డాక్టరుకు చూపించాలి. తనకిష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెట్టేస్తున్నా, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోయినా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట అన్నా, రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగవద్దు.

అడగడానికి భయపడకండి. "ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా నాన్నా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్ళమవుతామని చాలామంది అనుకుంటారు. అది అపోహ. అడిగితే చాలామంది పిల్లలకు బరువు దిగుతుంది. అవునంటే కోప్పడవద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో వున్న మందుబిళ్ళలూ, విషపదార్థాలూ తాళంలో పెట్టండి. టెలీమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం 2022 అక్టోబరు నుంచి వుంది. 14416కు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పిచ్చివాడని ముద్ర వేస్తారనే బెంగ మాత్రం పెట్టుకోకండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళందరూ గుడ్డివాళ్ళా?

ఫోను తిరిగి ఇవ్వండి, కానీ రాత్రి తొమ్మిదిన్నర తరవాత అది మీ గదిలో వుండాలి. ఈ వయస్సుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మీకు వీలైతే వాడి పక్కన కూర్చుని రోజుకు ఒక భాగం చూడండి. కథ అర్థం కాకపోతే వాడినే అడగండి, సంతోషంగా చెబుతాడు. 22వ భాగంలో అసూకా అనే పిల్ల తన తల్లి మరణాన్ని తలుచుకునే ఘట్టం వుంది. చాలా బరువైనది, ఆ రోజు వాడిని ఒంటరిగా చూడనివ్వకండి. 1997లో వచ్చిన 'ది ఎండ్ ఆఫ్ ఎవాంగెలియన్' సినిమా మాత్రం పెద్దలు చూడవలసింది, 14 ఏళ్ళ వాడికి వద్దు. చిన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వుంటే వాళ్ళకు సీరియలు కూడా వద్దు.

ఫిట్స్ వచ్చే పిల్లలున్న ఇళ్ళకు ఇంకో మాట. 1997 డిసెంబరు 16న జపానులో 'పోకెమాన్' భాగం ఒకదాంట్లో ఎరుపు, నీలం వెలుగులు వెంటవెంటనే మెరిసి, 600 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ఏ బొమ్మల సీరియలైనా చీకట్లో, తెరకు దగ్గరగా కూర్చుని చూడనివ్వకండి. గదిలో లైటు వెలగనివ్వండి.

నిద్ర బిళ్ళ రాయను. టానిక్కు అవసరం లేదు. అబ్బాయిని మీ జిల్లా ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో ఈ వారమే చూపించండి. వాళ్ళ నాన్నగారు కూడా వస్తే మంచిది. డాక్టరు కాసేపు మిమ్మల్ని బయట కూర్చోమని వాడితో ఒంటరిగా మాట్లాడతారు, అభ్యంతరం చెప్పకండి.